ఈ ఇంట్లో ఎవరన్నా పోయారా అండీ

"పెద్దమ్మమ్మా, ఈ ఇల్లు అమ్మటానికి ఇంత కాలం ఎందుకు పట్టింది?" అనా అడుగుతున్నావు? చెప్తా. ఆ ఫోను బల్ల మీద పెట్టి, గిన్నెలు కాగితాల్లో చుట్టుకుంటా విను. చేతులు ఆపమాక. రేపు పొద్దున్నే మీ నాన్న వ్యాను తీసుకొస్తాడు, ఒక్కటి సర్దకపోయినా మీ అమ్మమ్మ దగ్గర మాట నాకొస్తుంది.

ఎందుకు పట్టిందంటే మనుషులకి నోటితో చెప్పేదొకటి, కడుపులో ఉండేదొకటి కాబట్టి. కాదులే, మొదట్నుంచి చెప్పాలి.

మీ తాతయ్య, అదే మా ఆయన, ఆర్టీసీ డ్రైవరు గదా, నేను నర్సుని. ఇద్దరి జీతాలూ కూడేసి ఈ భవానీపురంలో స్థలం కొన్నప్పుడు ఇక్కడ ఏముందనుకున్నావు, తుమ్మచెట్లు, పాములు. మా అత్తగారు వచ్చి చూసి "ఇక్కడ కాపురమేంటే, మేకల్ని తోలుకుంటానికా" అంది. సిమెంటు పర్మిట్ మీద ఇచ్చేవాళ్ళు. బస్తా ఇరవయ్యో... కాదు, ముప్పయ్యే అయ్యుంటుంది, ప్రతి బస్తాకీ ఆయన గొణిగేవాడు. పిల్లల్లేరు గదా మాకు, సెలవొస్తే ఇద్దరం చెరో బక్కెట్టు పట్టుకుని ఈ గోడలకి నీళ్ళు కొట్టుకోవటమే పని. అట్టా కట్టుకున్నాం.

ఆయన పోయి మూడేళ్ళు. పామర్రులో మీ అమ్మమ్మ కూడా ఒంటిది. చెల్లెలని చెప్పటం కాదు గానీ సుగుణ చిన్నప్పట్నుంచీ మొండిది, కళ్ళు మసకబారుతున్నాయని ఎవరికీ చెప్పలా. ఒకరోజు ఫోన్ చేసి "అక్కా, బైబిల్లో అక్షరాలు కనపట్టంలేదే. నువ్వొచ్చి చదువు, నేను వింటా. నీ మొహమన్నా నాకు కనపడుతుండగా రావే" అంది. ఇంకేం ఆలోచిస్తానమ్మా, వస్తున్నానన్నా. తాళం వేసి పోవచ్చు గదా అంటారు. చేతులూపుకుంటా వెళ్ళి చెల్లెలి ఇంట్లో కూర్చుని తినే మనిషినా నేను? ఈ ఇల్లు అమ్మితేనే అక్కడ వెనకవైపు ఒక గది, బాత్రూమూ వేసుకునేది.

సరే, అమ్మకానికి పెట్టాం. మొదట ఒక బ్యాంకాయన, వాళ్ళావిడ. వచ్చారు, చూశారు, మళ్ళీ వచ్చారు. ఆవిడ టేపు పెట్టి ఫ్రిజ్జు ఎక్కడ పడుతుందో కొలుచుకుంది. వచ్చినప్పుడల్లా టీలు, జంతికలు. "బయానా ఎప్పుడు తెమ్మంటారండీ" అని కూడా అన్నాడు. అన్న మనిషి గేటు దాకా వెళ్ళి, పక్కింటావిడతో ఏం మాట్లాడాడో ఏమో, వెనక్కొచ్చాడు. "ఈ ఇంట్లో ఎవరన్నా పోయారా అండీ?" అన్నాడు. "మా ఆయన పోయారండీ, ఇదిగో ఈ ముందు గదిలోనే, ఈ కిటికీ పక్కన" అన్నా. దాచుకోవటానికేముంది. "ఏ నక్షత్రంలోనండీ?" అన్నాడు. అయ్యా, మేం క్రైస్తవులం, నాకు తెలిసిన నక్షత్రం బేత్లెహేములో పొడిచింది ఒక్కటే అన్నా. నవ్వుతాడనుకున్నా, నవ్వలా. తారీఖు, టైము రాసుకెళ్ళి పంచాంగం చూపించాడు. మంచి నక్షత్రం కాదట, ఆర్నెల్లు ఇల్లు మూసెయ్యాల్సిందట. ఆయన పోయి మూడేళ్ళయింది గదయ్యా అంటే, "అప్పుడు మూయలేదు గదండీ" అంటాడు.

పోనీ మనవాళ్ళయితే ఈ పట్టింపులుండవు గదా అనుకున్నా. మన సంఘంలోనే ఒక లెక్చరర్ గారున్నారు. వాళ్ళు అడక్కముందే నేనే చెప్పా, ఆయన ఇక్కడే పోయారండీ అని. "ప్రభువు పిలుపండీ, మన చేతుల్లో ఏముంది" అని ఇద్దరూ తలలూపారు. హాల్లో నిలబడి పాట పాడారు, ప్రార్థన చేశారు, పులిహోర తిన్నారు. ఆదివారం ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర నన్ను పట్టుకుని, "ప్రార్థనలో పెట్టామండీ, సమాధానం రాలేదు" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. భయమేస్తోందని చెప్పు, ఒప్పుకుంటా, భయం అందరికీ ఉంటుంది. దేవుడి మీదకి తోస్తావేంటి? తర్వాత తెలిసింది, వాళ్ళావిడకి కలొచ్చిందట, ముసలాయన కిటికీ పక్కన కూర్చుని దగ్గుతున్నట్టు. మీ తాతయ్యకి జన్మలో దగ్గు లేదు. ఆయనకొచ్చింది లివరు జబ్బు. కలకన్నా కాస్త విచారించుకుని రావద్దూ.

అప్పుడు మొదలుపెట్టాడు బ్రోకరు సుబ్బారావు. "అమ్మా, మీరు అన్నీ చెప్పేస్తే ఎట్టా? ఆసుపత్రిలో పోయారని ఒక్క ముక్క అనండి, మీదేం పోయింది" అన్నాడు. వాడొక్కడే కాదు, పక్కింటావిడ అదే మాట, ఆఖరికి మీ అమ్మమ్మ కూడా అదే మాట. "చెప్పవే అక్కా, ఆయనేమన్నా లేచొచ్చి కాదంటాడా" అంది. సొంత చెల్లెలు.

నాదేం పోయిందా? ముప్పయ్యేళ్ళు ఆసుపత్రిలో చేసినదాన్ని, అక్కడ పోవటం అంటే ఏంటో నన్నడుగు. లైటు ఆర్పరు. పక్క మంచం వాళ్ళు చూస్తుంటారు. సొంతవాళ్ళేమో వరండాలో, లోపలికి పంపమని వాచ్‌మన్‌ని బతిమాలుకుంటుంటారు. డాక్టరు ఇంక లాభం లేదన్న రోజున మీ తాతయ్య నా చెయ్యి పట్టుకుని "ఇంటికి పోదామే" అన్నాడు. మరి అంతమందిని అక్కడ్నుంచి సాగనంపిన దాన్ని, నా మనిషిని అక్కడ వదుల్తానా? అందరితో పోట్లాడి, సంతకం పెట్టి తెచ్చుకున్నా. ఈ కిటికీ పక్కన మంచం వేశా. పొద్దున్నే రోడ్డు మీద బస్సు పోతుంటే "వీడికి గేరు మార్చటం ఎవడు నేర్పాడే" అనేవాడు. ఆఖరి రోజు కూడా అన్నాడు. నా చేత్తో పోసిన నీళ్ళు మింగి, నా చేతి మీదే పోయాడు. నేను బతుకులో చేసిన మంచి పని అదొక్కటి చాలమ్మా నాకు. దాన్ని తీసుకెళ్ళి ఇంటికి దోషమని లెక్కేస్తారా? అబద్ధం చెప్పి ఆయన్ని మళ్ళీ ఆసుపత్రికి పంపమంటారా నన్ను?

ఏడవటం లేదులే, కోపం. కోపమొచ్చినా నాకు కళ్ళమ్మట నీళ్ళొస్తాయి. ఆ జాడీ మూత ఊడిపోతుంది, తాడు కట్టు.

ఎక్కడున్నాం? ఆ, కంప్యూటరు పిల్లలు. మొగుడూ పెళ్ళాం, చిన్నవాళ్ళు. నేను నోరు తెరిచేలోగా సుబ్బారావు "సారు ఆసుపత్రిలో పోయారండీ" అనేశాడు. "కాదు బాబూ, ఇక్కడే పోయారు" అన్నా. వాడు నన్ను చూసిన చూపుంది చూడూ. ఆ పిల్ల మాత్రం "మాకలాంటి నమ్మకాల్లేవు ఆంటీ" అంది. చదువంటే ఇదిరా అనుకున్నా, సుగుణకి ఫోన్ చేసి గదికి మేస్త్రీని మాట్లాడమని చెప్పా. వారం తిరక్కుండా ఫోనెత్తటం మానేశారు. తర్వాత మెసేజి. అమ్మ ఒప్పుకోవట్లేదు ఆంటీ, సారీ, పక్కన చేతులు జోడించిన బొమ్మ ఒకటి. నమ్మకాలు లేవు సరే, మాట మీద నిలబడటమన్నా ఉండాలి గదా మనిషికి. మీ అమ్మమ్మకి చెప్పా. "అద్దంలో నా మొహం నాకే తెలియటంలేదు అక్కా, సర్లే, గొంతన్నా వినపడుతుంది గదా" అని పెట్టేసింది. ఆ పూట అన్నం ముట్టలా నేను.

అందుకే చేపల వాళ్ళొచ్చినప్పుడు టీ కూడా పెట్టలా. బందరు అవతల సముద్రం ఒడ్డు వాళ్ళు, నాగమణీ, మొగుడూ. పెద్ద వ్యాపారమేలే, ఐసు పెట్టెలకెత్తి హైదరాబాదు పంపుతారు. పిల్లల చదువులకి ఇక్కడ ఇల్లు కావాలన్నారు. నేను కూర్చోమనను కూడా లేదు. "ముందే చెప్తున్నా, మా ఆయన ఈ ఇంట్లో పోయాడు, ఈ గదిలో, ఈ కిటికీ పక్కన, నా చేతి మీద. నక్షత్రం నాకు తెలీదు. భయమైతే ఇప్పుడే వెళ్ళండి, రేపు ఫోన్ చేసి సాకులు చెప్పకండి" అన్నా. సుబ్బారావు తలకాయ పట్టుకున్నాడు.

నాగమణి కిటికీ దగ్గరికెళ్ళి నిలబడింది. "ఇక్కడేనా అమ్మా?" అంది. ఇక్కడే అన్నా.

"మా మావ సముద్రం మీద చేపల ఏటకెళ్ళి రాలేదమ్మా. పడవ దొరికింది, మనిషి దొరకలా. ఏ రోజు పోయాడో ఎవరికీ తెలవదు. మా అత్త ఇన్నేళ్ళొచ్చినా దినం పెట్టనివ్వదు, ఏ రోజని పెడతార్రా అంటది. మీకు రోజు తెలుసు, చోటు తెలుసు, ఆఖరి గుక్క మీ చేత్తో పోశారు. ఇంట్లో పోయేవాళ్ళు పెట్టి పుట్టినోళ్ళమ్మా. ఇది మంచి ఇల్లు కాకపోతే ఇంకేది?" అంది.

వాళ్ళని కూర్చోమని వంటింట్లోకి పోయి టీ పెట్టా. తిరిగొచ్చేసరికి అదే కిటికీ పక్కన నేల చూపించి మొగుడితో "అత్త మంచం ఇక్కడ వేద్దాం" అంటోంది. ఆ మాటతోనే నా వైపు తిరిగి, మోటారు పాతది, దానికి తగ్గించాలి అంది. గట్టిదిలే, అమాయకురాలనుకోమాక. తగ్గించా. సాయంత్రానికి బయానా తెచ్చారు, చెప్పిన రోజుకి రిజిస్ట్రేషనుకి వచ్చారు. సుగుణకి చెప్తే "ఇంకా కాస్త కనపడుతుందే, తొందరగా రా" అంది. రేపు మధ్యాహ్నానికి దాని ముందు కూర్చుంటా, చూసుకోనీ.

ఇట్టా రా, తల వంచు. నీ దగ్గర దీవెన బాకీ పెట్టుకుని వెళ్ళకూడదు. నూరేళ్ళు బతుకు. నీకో ఇల్లుండాలి, నీకిష్టమైన చోట. మునిమనవళ్ళనెత్తుకుని, అన్నీ చూసి, ఆఖర్న నీ ఇంట్లో, నీ మంచం మీద, నీ వాళ్ళు చేత్తో పోసిన నీళ్ళు తాగి పోవాలి నువ్వు. మొహం అట్టా పెడతావేంటి, దీవిస్తుంటే? ఆమెన్ అను.