వీరవేణి చెప్పని కారణం

వీరవేణి ఉంది కదా, మన సన్నాయి సూరన్న పెళ్ళాం, దానికి మస్కట్‌లో పని వచ్చిందంట. ఏం పనంటే, బ్యూటీ పార్లర్‌లో ఆడోళ్ళకి జుట్టు కత్తిరించే పని. రోడ్డు వెడల్పు చేసినప్పుడు వాళ్ళ సెలూను కొట్టు పోయింది, మీకు తెలిసిందే. ముందు గదిలో సూరన్న మగాళ్ళకి చేసేవోడు, వెనకాల తెర కట్టుకుని ఇది ఆడపిల్లలకి చేసేది. పెళ్ళికూతురికి పూలజడ వెయ్యాలంటే నాలుగూళ్ళ నుంచి దీనికోసమే వచ్చేవోరు. కొట్టు పోయాక ఇద్దరి చేతులూ ఖాళీ. అలాంటప్పుడు ఈ కబురొచ్చింది. అయితే ఏమైందంటే, పని వచ్చని నోటితో చెప్తే ఒప్పుకోరంట. కాకినాడలో పరీక్ష పెడతారు, అందులో నెగ్గి సర్టిఫికెట్టు తెచ్చుకుంటేనే ఆ దేశంలోకి రానిస్తారు. నెగ్గకపోతే ఆ పని ఇంకోళ్ళకి పోతుంది, అంతే. "నలభై ఏళ్ళొచ్చాక నా చేతికి పరీక్షేటి" అని నవ్విందంట గానీ, ఆ పూట అన్నం మాత్రం తినలేదంట.

పరీక్షకి కత్తెరా దువ్వెనా ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి. తల కూడా తెచ్చుకోవాలి. తలంటే మనిషి అనుకో, నడుం దాకా జుట్టున్న మనిషిని వెంటబెట్టుకుని రావాలి. ఎవరిస్తారు? అడిగిన ప్రతి పిల్లా "అమ్మో, నా జుట్టే" అంది. నవ్వకే మంగాదేవీ, నువ్వూ అన్నావు. చివరికి పక్కింటావిడని అడిగింది. ఆవిడకి పదిమందిలో నోరు పెగలదు. రేషను కొట్టు దగ్గర తన పేరు పిలిచినా పలకలేదు. జుట్టు మాత్రం నడుం దాటి ఉంటుంది, ఎప్పుడూ ముడే, ఆ ముడి మీద ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వదు. ఎందుకంటే వెనకాల, మెడకి కాస్త పైన, పేనుకొరుకుడు ఉంది. రూపాయి బిళ్ళంత మేర నున్నగా ఉంటుంది. రెండో కానుపు తరవాత ఊడిపోయి మళ్ళీ మొలవలేదు. ఇరవై ఏళ్ళు ఆ ముడి కింద దాచింది, మొగుడికి కూడా తెలీదు. ఆయనకి కంచంలో అన్నం తప్ప ఏదీ కనపడదు లెండి. మరి రానని చెప్పొచ్చు కదా అంటారు. ఎలా చెప్తుంది, రెండు పురుళ్ళూ పోసింది వీరవేణి అత్తగారు అచ్చియ్యమ్మే. వస్తానంది.

బస్సెక్కారు. పక్కింటావిడ ఆ సంగతి ముమ్మిడివరంలో చెప్పేద్దామనుకుందంట, చెప్పలేదు. యానాం వంతెన మీద చెప్పేద్దామనుకుందంట, చెప్పలేదు. "వొదినా, అలా చెమటలు పోస్తన్నాయేటి నీకు, పరీక్ష నాకు కదా" అని వీరవేణి నవ్వుతూనే ఉంది. ఈలోగా కాకినాడ వచ్చేసింది.

మేడ మీద హాలు. వరసగా అద్దాలు, కుర్చీలు. ఇంకో ఏడుగురు ఆడపిల్లలు వచ్చారు, అందరికీ నల్లకోట్లు, పెట్టెల నిండా సామాన్లు. వీరవేణి గుడ్డసంచీలోంచి అత్తగారి కత్తెర తీసింది. పక్క పిల్ల చూసి, "ఆంటీ, ఇది మీ పెళ్ళికి పెట్టారా" అంది. "కాదమ్మా, మా అత్తగారి పెళ్ళికి" అంది ఇది. గోడకి ఒక బొమ్మ అంటించారు. వెనకాల మెడ మీద పొట్టిగా, ఎత్తుగా కోసిన జుట్టు. అచ్చం అలాగే కత్తిరించాలి అని పరీక్ష పెట్టే మేడం చెప్పింది. ఆ బొమ్మ చూడగానే పక్కింటావిడ రెండు చేతులూ ముడి మీదకి పోయాయి.

వీరవేణి ముడి విప్పింది. దానికో పద్ధతుంది, కత్తెర పట్టకముందు జుట్టు నాలుగు పాయలు తీసి తలంతా వేళ్ళతో తడిమి చూస్తుంది. అలా చూస్తా చూస్తా ఉంటే ఆ వేలు అక్కడికొచ్చి ఆగింది. ఆగి, బొటనవేలితో దాన్ని మూసింది. ఒక్క క్షణం. తరవాత జుట్టు మీద నీళ్ళు చల్లి, వొంగి, "వొదినా, నీళ్ళు చల్లగా ఉన్నాయా" అంది, ఇంకేమీ చూడనట్టే. కత్తెర ఆడింది. ముందంతా బొమ్మలాగే వచ్చింది. వెనకాల మాత్రం పొట్టిగా కొయ్యలేదు, మెట్లు మెట్లుగా మెడ దాకా దించేసింది.

మేడం వచ్చింది. "ఏమ్మా, బొమ్మలో వెనకాల పొట్టిగా ఉంది. అర్థం కాలేదా?"

"అర్థమైందండి."

"మరి?"

"ఈ తలకి ఇదే బాగుంటదండి."

"కారణం చెప్పు. ఈ కాయితంలో కారణం రాయాలి, లేకపోతే తప్పినట్టే."

వీరవేణి నేలకేసి చూసింది. "చెప్పనండి" అంది. ఎందుకంటే వాళ్ళింట్లో అచ్చియ్యమ్మ పెట్టిన కట్టుబాటు ఒకటుంది. మనిషి తల మీద ఏం కనపడినా అది ఆ మనిషి సొత్తు, పక్కింటికి మోసుకెళ్ళకూడదు, మనింటికీ తెచ్చుకోకూడదు. ఆ కట్టు కోసం మస్కట్‌ని వదిలేస్తోంది, అనుకో. మేడం పెన్ను మూత తీసింది.

అప్పుడు పక్కింటావిడ లేచింది. మెడకి కట్టిన గుడ్డతోనే లేచింది. ఏడుగురు పిల్లలు, వాళ్ళు తెచ్చుకున్న తలలు, టీ తెచ్చినాయన, అందరూ చూస్తన్నారు. వాళ్ళకి వీపు చేసి నిలబడి, తన జుట్టు తనే రెండు చేతులా పాయ తీసి, "ఇదండీ కారణం" అంది. గొంతు బయటికే వచ్చింది.

మేడం దగ్గరకొచ్చి చూసి, "నీకు ముందే తెలుసా" అని వీరవేణిని అడిగింది. "లేదండి, చెయ్యి పెట్టాకే తెలిసింది." మేడం ఆ జుట్టు పైకెత్తింది, వదిలింది. మళ్ళీ ఎత్తింది, వదిలింది. ఎన్నిసార్లు వదిలినా అది కప్పేస్తానే ఉంది. "బొమ్మలా కొయ్యలేదు కాబట్టి ఆ మార్కులు వెయ్యలేనమ్మా" అంది. "మనిషిని చూసి కోసే దానికి వేరే మార్కులున్నాయి. అవి నిండా వెయ్యడం నాకిదే మొదలు." నెగ్గింది. మెట్లు దిగుతుంటే, ఇందాక కత్తెర చూసి అడిగిన ఆ నల్లకోటు పిల్ల వెనకాలే వచ్చి, "ఆంటీ, ఆ మెట్ల కటింగు నాకు నేర్పరా" అని ఫోన్ నెంబరు రాసుకుంది.

ఇప్పుడు మస్కట్‌లో రెండో ఏడు. సర్టిఫికెట్టు జిరాక్సుకి అద్దం కట్టించి సూరన్న సన్నాయి పక్కనే తగిలించాడు, వెళ్ళి చూసుకోండి. శుక్రవారం శుక్రవారం ఫోన్ చేసి, "వొదినా, జుట్టు ఎంత పెరిగింది, ఎవరి చేతికీ ఇవ్వకు, నేనొచ్చి కోస్తా" అంటది. ఎవరితో అంటదా? పక్కింటావిడతోనే. ఏటే మంగాదేవీ, ఇందాకటి నుంచి నా మెడకేసే చూస్తన్నావు. అవును, ముడి పెట్టుకోవడం మానేసి రెండేళ్ళయింది. పక్కింటావిడ నేనే. నా గురించి నేను చెప్పుకోవాలంటే సిగ్గేసి, అలా చెప్పాను.