పారిస్ దాకా పోయిన మిరప కళ్ళం చొక్కా

పర్చూరులో మీరావలి టీకొట్టు బల్ల మీద యలమందయ్య కూర్చున్నాడంటే ఆ పూట గ్లాసులు ఖాళీ అవుతాయిగానీ మాటలు మాత్రం అయిపోవు. ఎనభై ఆరులో, మిరప కోతలప్పుడు, ఆయన ఎత్తుకున్న కథ ఇది.

"పెద్ద గొప్పేం కాదులేరా, చిన్న సంగతే. పారిస్‌లో ఒక ఫ్యాషన్ పుస్తకం ఉందంట. గుడ్డలు ఎట్టా కట్టుకోవాలో లోకానికంతా అదే చెప్పుద్ది. దానికిప్పుడు మన దేశం ఎడిషన్ వేరేగా వేస్తున్నారు, బొంబాయిలో. ఆ పుస్తకం తాలూకు ఒకమ్మాయి, మెళ్ళో కెమెరా, మొన్నామధ్య చీరాల పోతా పోతా జీపు ఆగిపోయి మంచినీళ్ళకని మన కళ్ళం కాడికొచ్చింది. కళ్ళంలో ఆడకూలీలు రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. మీకు తెలిసిందేగా, చీర మీద మగాళ్ళ ఫుల్‌చేతుల చొక్కా, మూతికి తువ్వాల. లేకపోతే ఆ మంటకి ఆగగలరా? ఆ అమ్మాయి చెంబు పక్కన పెట్టేసి, ఒకామె ఒంటి మీదది చూపించి, 'ఈ చొక్కా ఎవరిదండీ?' అంది. 'ఇంకెవరిది, నాదే' అన్నా."

"మీదేనా?" అన్నారు బళ్ళో పాఠాలు చెప్పే శేషాచలం మాష్టారు.

"నాదే మాష్టారూ! బ్రాడీపేటలో కుట్టించింది. అబద్ధమైతే నా తోటకి బొబ్బర తెగులు రావాల! ఎర్రటి కాయల మధ్య ఆ చొక్కాని టకటకా ఫొటోలు తీసుకుపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వారం తిరక్కుండా పారిస్ నుంచి టెలిగ్రాం, 'చొక్కా పంపగలరు' అని. అడగ్గానే పంపితే మన మర్యాదేం కాను? కావాలంటే వాళ్ళనే రమ్మన్నా. విమానం వేసుకొచ్చారు."

"విమానం ఎక్కడ దిగింది మావా?" అన్నాడు వెంకటనారాయణ.

"నా పత్తి చేలోరా! పత్తి బాగా పగిలుందేమో, పరుపు మీద దిగినట్టు దిగింది. ఒక్క కాయ రాలితే ఒట్టు. చొక్కా ఎక్కించాం. మడతల్లో మిరప ఘాటుందిగా, పైలట్ తుమ్మాడు. ఏం తుమ్మురా అది! ఇంజను వెయ్యకుండానే విమానం గాల్లోకి లేచింది. దాచేపల్లి దాటాక రెండో తుమ్ము. మూడో తుమ్ముకి పారిస్!"

"మరి పెట్రోలు?"

"చుక్క ఖర్చవలా! ఇంకా విను. అక్కడ దొరసానులంతా చీరలు కట్టి, మీద నా చొక్కా కొలతలకే కుట్టించుకుని వీధుల్లో తిరుగుతుంటే ఊరు ఊరంతా తుమ్ములు. తుమ్మటమే ఫ్యాషన్ అనుకున్నారు పిచ్చి సన్నాసులు. ఇప్పుడు పారిస్‌లో తుమ్మటం రానోడికి పిల్లనివ్వటంలా."

"పుస్తకంలో మీ పేరు వేశారా?" అడిగారు మాష్టారు, మీసం కింద నవ్వు దాచుకుంటూ.

"అట్ట మీదే వేశారండీ, ఇంత లావు అక్షరాలతో. మన దేశం ఎడిషన్‌కి ఏకంగా 'యలమందయ్య' అనే పేరు పెడతామన్నారు. నేనే వద్దన్నా, మనకెందుకులే అంత డాబు."

"ఇంతకీ ఆ చొక్కా ఏదీ?"

"పారిస్‌లోనే, అద్దాల పెట్టెలో ఉంది. చుట్టూ తుపాకుల పోలీసులు."

"కాస్త జరుగు బాబాయ్, టీ పట్టుకెళ్ళాలి" అని వెనకనుంచి వినపడింది. యలమందయ్య తోటలో కాయలు కోసే పన్నెండుమంది ఆడకూలీల ముఠాకి పెద్ద, జానీబీ. చేతిలో క్యాను, చీర మీద వెలిసిపోయిన ఫుల్‌చేతుల చొక్కా.

క్యాను మీరావలికిచ్చి ఆమె యలమందయ్య వైపు తిరిగింది. "ఆ చొక్కా ఇదిగో, నా ఒంటి మీదుంది. మా ఆయనది. ఆయన పోయి రెండేళ్ళయింది. ఆ బొమ్మలో ఉన్నది నేను. బొంబాయమ్మ పుస్తకం పోస్టులో పంపితే, కింద నా పేరు ఎక్కడుందో మాష్టారే వేలు పెట్టి చూపించారు."

మాష్టారు తలూపారు.

"మగాడి చొక్కా తొడుక్కుని రోడ్డు మీద నడవాలంటే ఇన్నాళ్ళూ సిగ్గేసేది. ఇప్పుడు నాకు గర్వంగా ఉంది బాబాయ్. దీన్ని నీ చొక్కా అనమాక. కోత మొదలెట్టేనాడు ఇంట్లో పాత చొక్కాలు తెచ్చి కూలీలకివ్వటం ఈ చుట్టుపక్కల ఏ రైతైనా చేసేదే. నువ్వు మూడేళ్ళనుంచి రేపు మాపు అంటున్నావు. నాకైతే ఇదుంది. మిగతా పదకొండుమందీ మోచేతుల దాకా మంటలెత్తి అన్నం కలుపుకోలేకపోతున్నారు."

యలమందయ్య వెంకటనారాయణ వైపు చూశాడు, మాష్టారి వైపు చూశాడు. ఆఖరికి తలవంచుకుని గుండీలు ఒక్కొక్కటే విప్పి, ఒంటిమీది చొక్కా తీసి ఆమె చేతికిచ్చి బనీనుతో నిలబడ్డాడు.

జానీబీ దాన్ని దులిపి భుజాన వేసుకుంది. టీ క్యాను అందుకుంది.

"ఒకటొచ్చింది. ఇంకా పది కావాల. పారిస్ నుంచి తెప్పిస్తావో, ఇంట్లో పెట్టె తీస్తావో నీ ఇష్టం బాబాయ్."