చెక్కగోడకి అటువైపు

హలో… ఆ, నేనేనండీ, టైలర్‌ని. మధ్యవర్తి మేడమ్ గారేనా?… ఆ, షాపు పంచుకున్న అన్నదమ్ముల్లో పెద్దవాణ్ణి.

మీ చలవే. కోర్టు గుమ్మం తొక్కకుండా తేలిపోయింది… కట్టేశామండీ. షాపు మధ్యలో చెక్కగోడ. అటు తమ్ముడు, ఇటు నేను.

లేదు లేదు, గొడవేం లేదు… అంటే, ఒకటుంది. ఇస్త్రీ బల్ల. నా వాటాకొచ్చింది కదా, వాడికిచ్చేద్దామని… దానికి ఇంకోసారి మా ఇద్దర్నీ మీ గదిలో కూర్చోబెడతారా?

…నిజమే. ఎత్తి అటు పెట్టేస్తే సరిపోతుంది.

…బల్ల కాదండీ అసలు సంగతి.

మీరో పద్ధతి పెట్టారు చూడండి… ఒకరన్నది రెండోవాళ్ళు ముందు తిరిగి చెప్పాలి, తర్వాతే జవాబు. నాకు ఒళ్ళు మండింది. ఇదేమన్నా చిన్నపిల్లల బడా అనుకున్నా… నవ్వకండి. కానీ 'నాన్న పోయాక షాపంతా ఒక్కణ్ణే మోశానంటున్నాడు అన్నయ్య' అని వాడన్నాడే… నా బాధ వాడి నోట విన్నది అదే మొదలు.

ఇప్పుడా? పలకరింపే లేదు. నిన్న ఒకాయన కోటు నాకిచ్చి, ప్యాంటు వాడికిచ్చాడు. ఒకటే గుడ్డ. దారం రంగు అడుగుదామని గోడ దాకా వెళ్ళి వెనక్కొచ్చేశా… ఆ, ఇద్దరం చెరో రంగు వేశాం. ఆయన తిట్టిన తిట్టు తిట్టకుండా…

వాడి మిషన్ చప్పుడు వినబడుతూనే ఉంటుందండీ. వాడు దగ్గితే తెలుస్తుంది. దారం తెగితే తెలుస్తుంది. మనిషే లేడు… ఆ, ఒక్కణ్ణే తింటున్నా. ముద్ద దిగట్లేదు.

నేనా? గోడ తట్టాలా?… మొహం చెల్లదండీ. తట్టాక వాడు పలక్కపోతే?

…సరే. ఫోన్ పెట్టేయకండి.

ఒరేయ్!… ఒరేయ్ చిన్నోడా! భోంచేశావా?

…మిషన్ ఆపాడండీ.

…ఆగండాగండి.

'భోంచేశావా అని అడుగుతున్నావు' అంటున్నాడు!… ఆ, అంతే అన్నాడు. మీ పద్ధతేనండీ.

తర్వాత జవాబు చెప్పాలి కదా?… ఇంకా చెప్పలేదు.

ఉంటానండీ. మీరు మాట్లాడుతుంటే వాడిది వినబడదు.