ఇంకో రెండుసార్లు అడగండి

కేకు తీసుకోమ్మా. ఏం, వద్దా? కడుపు నిండుగా ఉందా? సరే అయితే, పళ్ళెం అవతల పెట్టేస్తున్నా. అదుగో, చూశావా, పళ్ళెం వెంటే పోయాయి నీ కళ్ళు. నవ్వకు. మాండలే నుంచి మొన్న దిగావు, నీకింకా ఇక్కడి సంగతి తెలీదు. ఈ ఊళ్ళో ఒక్కసారే అడుగుతారు తల్లీ. వద్దన్నావా, వద్దనే అనుకుంటారు. అదే మర్యాద వీళ్ళకి. ఎదుటిమనిషి అన్నమాట నమ్మడం. మన దగ్గర అలాకాదు కదా, రెండుసార్లు వద్దని, మూడోసారి "అయ్యో, మీరింతగా అంటుంటే" అని చెయ్యి చాపుతాం. మీ అమ్మ నేర్పింది, మా అమ్మా నేర్పింది. ఆ నేర్పుతోటే నేను ఈ తెల్లవాళ్ళ దేశంలో ఆకలికి చావబోయాను. అక్కడితో ఆగిందా, నా చదువు కూడా అందులోనే కొట్టుకుపోయేది, మిసెస్ ఓల్డ్‌రాయిడ్ లేకపోతే. ఆ గోడ మీద ఫోటోలో, టోపీ పెట్టుకుని, ఫోటో తీసేవాణ్ణి మింగేసేలా చూస్తోందే, ఆవిడే. ఈ ఇల్లు ఆవిడదే. నువ్వు కూర్చున్న కుర్చీ హెరాల్డ్‌ది, ఆవిడ మొగుడు, బస్సు నడిపేవాడు. ఫర్లేదు, కూర్చో, ఆయనేమీ అనుకోడు. బతికున్నప్పుడూ ఏమీ అనుకునేవాడు కాదు పాపం.

ఏం చెబుతున్నా? ఆఁ, ఆకలి. నేనిక్కడికి వచ్చింది రంగుల రసాయనం చదవడానికి. మా నాన్న మీ మాండలే పక్కనే, అమరపురలో పట్టు నేసేవాడు. ఎంత మంచి ఎరుపైనా నాలుగు ఉతుకులకి వెలిసి ఇటుక రంగుకి దిగేది. పెళ్ళికూతురు కట్టుకున్న పట్టు లుంగీ, మొదటి కాన్పునాటికే పాతగుడ్డ. ఆ ఎరుపు నిలబెట్టడం నేర్చుకుని రారా అని పంపాడు. ప్రభుత్వం వాళ్ళ స్కాలర్‌షిప్పు, ఈ ఇంట్లో పై గది. మొదటి రోజు రాత్రి భోజనంలో ఆవిడ మాంసం, బంగాళాదుంపలు పెట్టి, అవి అవగానే గిన్నె పట్టుకుని "ఇంకాస్త వెయ్యనా నాయనా" అంది. నేను చక్కగా తల వంచి "వద్దండీ, చాలు" అన్నాను. అంటూనే కంచం కాస్త ముందుకి జరిపాను కూడాను. ఆవిడ గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. వస్తుంది, మళ్ళీ అడుగుతుంది అని కూర్చున్నాను. హెరాల్డ్ పేపరు చదువుకుంటున్నాడు. లోపల గిన్నెలు తోముతున్న చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు విని గుటకలు మింగుతూ పైకెళ్ళి పడుకున్నాను. రోజూ ఇదే తంతు. అడగడం ఒక్కసారి, వద్దనడం ఒక్కసారి, గిన్నె లోపలికి. మనిషిని సగమైపోయాను. పాపం ఆవిడ నా వంట వీడికి నచ్చట్లేదని ఏడ్చిందట, హెరాల్డ్ తర్వాతెప్పుడో చెప్పాడు. చివరికి ఒక పొద్దున పెరట్లో గోడ మీద పిచ్చుకలకని ఆవిడ పెట్టిన రొట్టెముక్కలు నేను తింటుంటే పట్టుకుంది. తిట్టలేదు. చెయ్యిపట్టుకుని లోపలికి లాక్కొచ్చి, కూర్చోబెట్టి, "ఏమిటయ్యా నీ బాధ" అంది. సిగ్గుతో చచ్చిపోతూ మన పద్ధతి చెప్పాను. ఆవిడ అంతా వింది. "అంటే మీ ఊళ్ళో ఆడవాళ్ళకి వేరే పనేమీ ఉండదా" అంది. ఆ రోజునుంచి గిన్నె పట్టుకుని ఒక్క ఊపిరిలో "వెయ్యనా, వెయ్యనా, వెయ్యనా" అనేది. నేను రెండు వెయ్యనాలు వదిలేసి మూడోదానికి కంచం పట్టేవాణ్ణి. హెరాల్డ్ పేపరు వెనకాల కదిలి కదిలి నవ్వేవాడు.

నవ్వులాటగా ఉంది కదూ. నాకూ అలాగే ఉండేది. ఇక ఇది విను. మూడేళ్ళయింది, డిగ్రీ చేతికొచ్చింది, ఎరుపు మాత్రం నిలవలేదు. దాదాపు నిలిచింది. ఎండకి ఆగుతోంది, నీళ్ళకి ఆగడం లేదు. ఇంకొక్క రెండేళ్ళు ప్రయోగశాలలో ఉంటే పట్టుకుంటానని నాకు తెలుసు. ఈలోగా అక్కడ మన దగ్గర సైన్యం గద్దెనెక్కింది. చదువైనవాళ్ళంతా వెనక్కి రావాలని కబురు. వెళ్ళినవాడు మళ్ళీ గడప దాటడం కల్ల, అది అందరికీ తెలిసిపోయింది. ఇక్కడ యూనివర్సిటీలో ఏదన్నా చోటు దొరికితేనే ఉండొచ్చు, లేకపోతే ఓడ ఎక్కడమే. అలాంటప్పుడు ఒక శుక్రవారం మధ్యాహ్నం ప్రొఫెసర్ గార్‌సైడ్ పిలిచాడు. పొడుగ్గా, ఎప్పుడూ పైపు వెతుక్కుంటూ ఉండేవాడు. కిటికీ దగ్గర నిలబడి, బయటికి చూస్తూ, వాన గురించి మాట్లాడినట్టు మాట్లాడాడు. "నా లాబ్‌లో పరిశోధనకి ఒక చోటుంది. ఈవేళ నాలుగింటికి కమిటీ కూర్చుంటోంది. నీకు కావాలా?" అన్నాడు.

నా గుండె ఎగిరి గంతేసింది తల్లీ. ఎగిరిన గుండెని పట్టుకుని, తల వంచి, ఏమన్నానో తెలుసా? "అంత యోగ్యత నాకు లేదు సార్. నాకన్నా మంచివాళ్ళున్నారు" అన్నాను. గురువు కదా మరి. గురువు ఇస్తానంటే ఎగబడి తీసుకుంటామా మనం? ఆయన నావైపు తిరిగి, కాస్త నొచ్చుకున్నట్టే చూసి, "అలాగా. ఉన్నమాట చెప్పావు, సంతోషం. అయితే పికిల్స్ పేరు పెడతాను" అన్నాడు. పికిల్స్ నా తోటి విద్యార్థి. నేను కదలలేదు. రెండోసారి అడగాలి కదా. ఆయనకి పైపు దొరికింది, వెలిగించాడు. నేనక్కడే నిలబడ్డాను. "ఇంకేమైనా ఉందా" అన్నాడు. అదీ నా నోరు చూడు, "ఏమీ లేదు సార్" అంది. తలుపు మూసుకుని బయటికొచ్చి మెట్ల దగ్గర నిలబడ్డాను, వెనక్కి పిలుస్తాడేమోనని. పిలవలేదు.

ఇంటికొచ్చేసరికి ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని గుమ్మం ముందు మెట్టుని తెల్లరాయితో రుద్దుతోంది. ఆ రోజుల్లో శుక్రవారం వచ్చిందంటే ఈ వీధి ఆడవాళ్ళంతా మెట్లు తెల్లగా మెరిసేలా రుద్దేవాళ్ళు, అది ఆరేదాకా సొంత మొగుణ్ణి కూడా తొక్కనిచ్చేవాళ్ళు కాదు. నా మొహం చూసి రాయి కింద పెట్టింది. "ఎవరన్నా పోయారా" అంది. జరిగింది చెప్పి, "కమిటీదేముంది, సోమవారం మళ్ళీ అడుగుతారులెండి" అన్నాను. ఆవిడ మొహంలో రంగు పోయింది. "అడగడు. ఈ జన్మలో అడగడు. వద్దన్నవాణ్ణి మళ్ళీ అడగడం మాకు చాతకాదు నాయనా" అంది. అప్పుడర్థమైంది నాకు, ఓడ, రంగూన్ రేవు, నాన్న ముందు ఆ సగం ఎరుపు. టైమెంత అంది. మూడున్నర దాటింది. ఆవిడ లేచి, తడి మెట్టు మీద అడుగేసి, లోపలికెళ్ళి టోపీ పెట్టుకొచ్చింది. తన మెట్టు తనే తొక్కింది. ఎదురింటావిడ చూసి నోరు తెరిచేసింది.

యూనివర్సిటీ కొండ మీద కదా. వెనకాల నేను "వద్దండీ, బాగోదండీ, ఆయన్ని ఇబ్బంది పెట్టొద్దు" అని నీళ్ళు నములుతూ. ఆవిడ వినడం లేదు. బస్సొస్తోంది, హెరాల్డ్‌దే. స్టాపు లేనిచోట బస్సాపడమంటే ఆయనకి పాపం చేసినట్టు. ఆవిడ రోడ్డు మధ్యకెళ్ళి నిలబడింది. ఆపాడు. ఒక్క ముక్క అడగలేదు. గడియారం నాలుగు కొడుతుంటే మేం గేటు దాటాం. పుట్టి బుద్ధెరిగి ఆ గేటు లోపల కాలు పెట్టలేదావిడ. కమిటీ గది తలుపు మూసేశారు. లోపల మాటలు వినిపిస్తున్నాయి, పికిల్స్ అన్న పేరు కూడా వినిపించింది. ఆవిడ చెయ్యెత్తింది తలుపు తట్టడానికి. ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది. చూశాను నేను, ఏప్రన్ తడి, మోకాళ్ళ దగ్గర మెట్టు రుద్దిన రాయి తెల్లటి పొడి. పెద్దవాళ్ళ మీటింగులోకి చొరబడటమంటే వాళ్ళలో అంతకన్నా తప్పు లేదు. నాది మన మొహమాటం, ఆవిడది వాళ్ళ మొహమాటం, ఇద్దరం ఆ తలుపు దగ్గర దొంగల్లా నిలబడ్డాం. "పోదాం పదండి" అన్నాను మెల్లిగా. ఆ మాట ఆవిడకి ఎక్కడ తగిలిందో, తట్టలేదు, ఏకంగా తోసేసింది.

నలుగురున్నారు. నలుగురూ లేచి నిలబడ్డారు, ఆడమనిషి కదా. ఆవిడ గార్‌సైడ్‌ని చూసి, "అయ్యా, ఈ అబ్బాయిని మీరొక్కసారే అడిగారు. ఇంకో రెండుసార్లు అడగండి. నేనిక్కడే ఉంటాను" అంది. పికిల్స్ పేరు ఒప్పేసుకున్నారా అని నేను వాళ్ళ మొహాలు వెతుకుతున్నాను. గార్‌సైడ్ ఆవిణ్ణి చూశాడు, నన్ను చూశాడు. పిచ్చివాళ్ళనుకున్నాడో ఏమో. "మిస్టర్ ఫో హ్లా, నీకు ఈ చోటు కావాలా" అన్నాడు.

నేను వద్దన్నాను.

నిజం తల్లీ. "యోగ్యుణ్ణి కాదు సార్" అని నోరే అనేసింది, నేను కాదు. తల కూడా వంగిపోయింది. గార్‌సైడ్ కుర్చీలో కూర్చోబోయాడు. ఆవిడ కదల్లేదు. "ఇది రెండోది" అంది. కిటికీ దగ్గరి ముసలాయన దగ్గాడు. గార్‌సైడ్ సగం వంగినవాడు మళ్ళీ లేచాడు. జీవితంలో ఎవర్నీ ఒకే మాట మూడుసార్లు అడిగి ఉండడు ఆ మనిషి, మొహమంతా ఎర్రబడింది. "నీకు కావాలా?" అన్నాడు. కావాలి సార్, అన్నాను. గొంతు బయటికి రాలేదు. ఆవిడ "వినపడింది కదండీ" అని వాళ్ళందరికీ ఒక నమస్కారంలాంటిది పెట్టి, బయటికొచ్చి మెట్ల మీద కూలబడిపోయింది. నీళ్ళు తెచ్చిస్తే తాగలేకపోయింది. పికిల్సా? వాడికేం, రంగుల మిల్లులో మేనేజరై నాకన్నా పెద్ద ఇల్లు కట్టాడు. ఎరుపు నిలిచింది, ఆఁ, నాలుగేళ్ళు పట్టింది. నాన్న చూడలేదు. పోనీలే ఆ కథెందుకు.

హెరాల్డ్ పోయాక ఆవిడా నేనూ ఉన్నాం ఇక్కడ. మా ఆవిడ వచ్చింది, పిల్లలు పుట్టారు, వాళ్ళని మిసెస్ ఓల్డ్‌రాయిడే పెంచింది. చివర్న ఆస్పత్రిలో చేర్చాం. సాయంత్రం నర్సు గంట కొట్టింది, చూడ్డానికొచ్చినవాళ్ళంతా లేచారు. నేను, కాసేపు కూర్చోనా అన్నాను. "వద్దు నాయనా, బస్సు పోతుంది" అంది. ఈ ఊళ్ళో అంతకాలం బతికినవాణ్ణి, వద్దంటే వద్దనే అని ఒంటబట్టినవాణ్ణి. కోటు కూడా వేసుకున్నాను. మళ్ళీ అడిగాను, ఉండనా అని. "రేపు నువ్వు చెప్పాల్సిన క్లాసులున్నాయి, వెళ్ళు" అంది, గోడవైపు తిరిగి. కోటు విప్పేశాను. వంగి, చెవి దగ్గర, మూడోసారి అడిగాను. తర్వాత దుప్పట్లోంచి చెయ్యి తీసి, మంచం పక్కన కుర్చీ మీదున్న తన టోపీని తీసి ఒళ్ళో పెట్టుకుంది.

కూర్చున్నాను.

టీ చల్లారిపోయిందే నీది. ఇటివ్వు, వేడిచేసి తెస్తాను. కేకు తింటావా? తింటావా? తింటావా?