చేతులు వాచకుండా కాచిన డాక్టర్ పద్మప్రియ గారు

...చేరిన తేదీనే ఎందుకు అడుగుతారు, చేయవలసిన పని చేయకుండా వదిలేసిన తేదీ ఎవరూ అడగరేం అనుకున్నారు డాక్టర్ పద్మప్రియ గారు, ఈ అభినందన సంచిక కోసం హెడ్ నర్సు శ్యామల వివరాల కాగితం ముందు పెట్టినప్పుడు. చేరినది 1996 జూన్ పన్నెండున, భద్రాచలంలో. వరద రోజుల్లో పడవల మీద తెచ్చిన రోగులకు సైతం శస్త్రచికిత్స చేసి నిలబెట్టిన వారు, పదకొండేళ్ల తరువాత ఖమ్మంలోని మా ఆసుపత్రికి వచ్చారు.

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో చంకలోని గ్రంథులు తీసేస్తే, కొందరికి చేతిలోని నీరు వెనక్కి వెళ్లే దారి మూసుకుపోయి చెయ్యి జీవితాంతం వాచి ఉంటుంది. అదే ఆపరేషన్‌లో, ఆ నీటిని మోసే వెంట్రుక వంటి నాళాలను పక్కనున్న సిరలో కలిపి కుడితే ముప్పు తగ్గుతుందని యాభై నాలుగేళ్ల వయసులో నేర్చుకుని, మా ఆసుపత్రిలో ఆరంభించినది పద్మప్రియ గారే.

జూలూరుపాడు దగ్గరి తండాకు చెందిన జమ్లికి మాత్రం కుట్టలేదు. 2019లో ఆ రోజు బయట ఆపరేషన్ కోసం మరో ఇద్దరు రోగులు ఎదురుచూస్తున్నారు. మైక్రోస్కోపు ముందు ఇంకో గంటన్నర కూర్చోవాలి. అందరికీ వాపు రాదులే అనుకుని గాయం మూసేశారు.

ఐదు నెలలకు జమ్లి వచ్చింది.

"డాక్టరమ్మా, దండచేతి గాజు కదుల్తలేదు. ఇదివరకు మోచేతి దాంక జారేది."

"ఒళ్లు చేసినవ్, మంచిదే కదా!"

"అవ్ మేడం, నా వంతు గూడ ఇదే తింటున్నది" అని భర్త బిచ్యా పకపకా నవ్వాడు.

పద్మప్రియ గారూ నవ్వారు. ఒళ్లు చేసినవ్ అన్నది తెలియక అన్న మాట కాదు. తెలుసుకోవడానికి మనసొప్పక అన్న మాట. అప్పుడే వాపు అణిచే బిగుతు కట్టు మొదలుపెట్టి ఉంటే, తండా ఆచారం ప్రకారం భర్త బతికుండగా తీయని ఆ గాజులను కోసి తీయవలసి వచ్చేది కాదేమో. అయినా జమ్లి ఏటా వచ్చి, ప్రాణం నిలిపావని దండం పెట్టేది. ఆ దండం అందుకున్న ప్రతిసారీ నిజం చెప్పకుండానే మందుల చీటీ రాసి పంపేవారు.

"అభినందన సంచికల గిదంతా ఎందుకు మేడం?" అన్నది, జమ్లి సంగతంతా విన్న శ్యామల.

"ఇది లేకుంటే మిగతాదీ వద్దు. కానీ ముందు ఆమెకు చెప్పాలె."

పద్మప్రియ గారికి నిండైన ఆరోగ్యం, దీర్ఘాయువు, వాటితోపాటు నెమ్మదించిన మనసు కలగాలని మేమందరం ఆకాంక్షిస్తున్నాం.

ఈ సంచిక అచ్చుకు వెళ్లే ముందు రోజు జమ్లి వచ్చింది. పద్మప్రియ గారు తలుపు మూసి, ఆమె ఎదుట కూర్చున్నారు.

"నీ చెయ్యి వాయకుండ ఒక కుట్టు ఉండె జమ్లీ. వేసినా వాచేదేమో తెల్వదు. కానీ నేను వెయ్యలే. గాజు బిగిసిందని నువ్వు చెప్పినా నవ్విన. నువ్వు సరే అంటేనే ఇది మా సంచికల రాయిస్త."

జమ్లి వాచిన చేతిని ఒళ్లోకి తీసుకుంది.

"రాసుకోండ్రి, నా పేరు గూడ రాయుండ్రి" అన్నది. "గీ మాట చెప్పనీకి ఆరేండ్లు పట్టిందా అమ్మా?"

"అవ్" అన్నారు పద్మప్రియ గారు.