చెంపదెబ్బ సీనుకి కొత్త మాటలు

"మళ్ళీ."

"మళ్ళీనా? ఇప్పుడు చెప్పింది బాగానే ఉందిగా. ఏమ్మా, బాలేదా?"

"నన్నడిగితే ఏం లాభం సార్. అద్దం అవతల కూర్చున్నవాళ్ళు ఓకే అనాలి. ఇప్పటి పద్ధతి అది."

మధ్యాహ్నం పూట, డబ్బింగ్ గది. మైకు ముందు చెమట తుడుచుకుంటున్న పెద్దమనిషి డైరెక్టరు. ఒకప్పుడు ఈయన దగ్గితే సెట్టంతా దగ్గేది. పక్కనున్నావిడ ఆయన సినిమాల్లో హీరోయిన్లందరికీ గొంతిచ్చిన మనిషి. ఇప్పుడీ గదికి పెద్ద దిక్కు ఆవిడే.

"ఎవరతను, కంపెనీ మనిషా? గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది. 'మళ్ళీ' తప్ప ఇంకో మాట రాదా నోట్లోంచి?"

"అవసరమైతే వస్తుంది లెండి. కాసిని నీళ్ళు తాగండి."

"అక్కడ లైటెందుకు ఆర్పేశారు? మనిషి ఆనవాలు కూడా తెలీట్లేదు."

"తెర మీద బొమ్మ బాగా కనపడాలని. మీరు అద్దం వైపు కాదు, బొమ్మ వైపు చూడండి. హీరో వీపు, హీరోయిన్ మొహం. చెంప మీద దెబ్బ పడింది, ఆ పిల్ల తల పక్కకి తిరిగింది. అక్కణ్ణించి మీ డైలాగు."

"నా సినిమా నాకే చెప్తున్నావా?"

"సినిమా మీదే సార్. మాటలే మారాయి. అప్పుడు కొట్టాక హీరో ఏమన్నాడు? 'ఆడది అణిగి ఉంటేనే అందం.' హాలంతా ఈలలు."

"అప్పటి జనం అలాంటివాళ్ళు. అది కావాలన్నారు, ఇచ్చాం. ఇప్పుడు ఈ సీను మార్చకపోతే సినిమా వద్దని ఓటీటీ వాళ్ళంటున్నారు, మారుస్తున్నాం. ఏ ఎండకా గొడుగు. నా సీరియల్ చూస్తున్నావా లేదా? కోడలు పోలీసాఫీసరు. అత్తని నిలదీస్తుంది, మొగుణ్ణి నిలదీస్తుంది. ఎక్కడికెళ్ళినా ఆడవాళ్ళు నాకు దణ్ణాలు పెడుతున్నారు తెలుసా?"

"చూస్తున్నా సార్. గొడుగు బాగానే తిప్పారు."

"వెటకారమా?"

"అయ్యో, మీతోనా? పదండి, టేకు."

"'తప్పు నాది. నీ మీద చెయ్యెత్తే హక్కు నాకు లేదు. నన్ను క్షమించు.'"

"మళ్ళీ."

"ఇదిగో, పొద్దుట్నించీ ఇదే వరస. ఇంకెవర్నైనా పిలిచి చెప్పించుకోండి పోనీ."

"ఎలా కుదురుతుంది? సినిమా అంతా హీరోకి మీ గొంతే. ఈ ఒక్క ముక్కకి వేరేవాడి గొంతు పెడితే అతికించినట్టుంటుంది."

"నెమ్మదిగా అనవే తల్లీ. ఆ సంగతి బయటెవరికీ తెలీదు. పోయినవాడి పరువు."

"పాపం, ఆయనది పిల్లికూన గొంతు. ఆరడుగుల మనిషి, కోపమొచ్చి అరిస్తే 'మ్యావ్'."

"అందుకేగా నేను పూనుకున్నా."

"హీరోది ఆడగొంతని మీరు పూనుకున్నారు. హీరోయిన్‌ది మగగొంతని నన్ను పిలిచారు."

"మరి? ఆ పిల్ల నోరు విప్పితే జనం నవ్వేవాళ్ళు. మొహం చూస్తే మల్లెపువ్వు, గొంతు వింటే బండరాయి."

"ఆ పిల్ల నా చెల్లెలు సార్."

"తెలుసులే. అందుకే నిన్ను పిలిచింది. ఇంటి గొంతు ఇంట్లోనే ఉంటుందని. నీకు అన్నం పెట్టింది ఆ సినిమాయేగా? ఇప్పుడెలా ఉంది ఆ మొద్దు?"

"ఉంది."

"పెళ్ళీ గిళ్ళీ?"

"లేదు. టేకు సార్."

"'తప్పు నాది. నీ మీద చెయ్యెత్తే హక్కు...'"

"మళ్ళీ."

"పూర్తి చెయ్యనిస్తే కదా! ఏం తక్కువైంది? అదన్నా చెప్పండి."

"చదువుతున్నట్టుంది సార్. మీరేగా అనేవారు, నటన కనపడకూడదు, నిజంగా జరగాలి అని."

"అనేవాణ్ణి."

"జరిపించేవారు కూడా."

"ఏమిటి నువ్వనేది?"

"ఏం లేదు. ఈ సీను తీసిన రోజు తలుచుకుని చెప్పండి. అదే వస్తుంది."

"ఏముంది తలుచుకోడానికి? వాడు చెయ్యి గాల్లో విసిరాడు, ఆ పిల్ల తల తిప్పింది, చప్పుడు తర్వాత కలిపాం. ఎక్కడైనా అంతే."

"అంతేనా?"

"అంతే."

"పేపరు వాళ్ళకీ అదే చెప్పారు. తాకనే లేదన్నారు. నా చెల్లెలు అబద్ధాలకోరన్నారు. పొగరు, పెట్టుకుంటే మునిగిపోతారన్నారు. ఆ తర్వాత ఒక్కడు మా గుమ్మం తొక్కలేదు."

"అన్నానేమో. ఎప్పటి మాటో. నోరు జారి ఉంటుంది."

"పాత రీళ్ళతో పాటు పైలట్ టేపు కూడా వచ్చింది సార్."

"ఏ టేపు?"

"షూటింగ్ జరుగుతుంటే పక్కన రికార్డు చేస్తారే, రేపు డబ్బింగులో మాకు దారి తెలియాలని. డబ్బింగయ్యాక దాని మొహం ఎవరూ చూడరు. గోడౌన్లో ఉన్నదంతా ఊడ్చి తీసుకుపొమ్మన్నది మీరేనట."

"అది... అది పాడైపోయి ఉంటుంది ఈ పాటికి."

"చూద్దాం. కొంచెం వెయ్యండి లోపల."

టేపు తిరిగింది.

"'యాక్షన్... కట్. ఏడుపు రావట్లేదురా దీనికి. ఈసారి తాకించు. గట్టిగా. దానికి చెప్పకు.'"

"ఆపు."

"'సార్, ఈసారి కూడా నాకు తాకదు కదా సార్...' 'నోర్ముయ్. ఆ గొంతు వింటే నాకు ఒళ్ళు మంట. యాక్షన్.'"

"ఆపమంటున్నానా."

"'సార్... ఈ చెవిలో ఏదో కారుతోంది... ఏం వినపడట్లేదు సార్...' 'కట్. అదీ. ఏడుపంటే అదీ. ఓకే. భోజనాలకి పదండి.'"

"మీ గొంతు గుర్తుపట్టారా సార్?"

"తెలీదమ్మా. ఇంత పని అవుతుందని తెలీదు నాకు."

"వినపడట్లేదని చెప్పింది కదా. మీకు వినపడిందిగా."

"వినపడింది."

"భోజనాలకి పదండన్నారు."

"నీకేం కావాలి? దీన్ని ఎవరికిస్తావ్? పేపరుకా, టీవీకా? నా సీరియల్ ఆగిపోతుంది. మా ఇంట్లో... మనవరాళ్ళున్నారు నాకు."

"రోడ్డు దాటాలంటే నా చెల్లెలు ఇప్పటికీ నా చెయ్యి పట్టుకుంటుంది సార్. బండి ఎటునుంచి వస్తోందో తెలీదు దానికి. దాని నిజం ఏడుపు మీద నా తీపి గొంతుతో 'తప్పయిపోయిందండీ' అనిపించారు. అది విని జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు కూడా దానికి సగమే వినపడ్డాయి."

"నేనేం చెయ్యాలో చెప్పు. ఏమన్నా చేస్తా. ఆ టేపు మాత్రం..."

"డైలాగు చెప్పండి. అద్దం అవతల ఓకే అన్న క్షణం టేపు తెచ్చి మీ చేతిలో పెడతా. ఈ గదిలో మాటిస్తున్నా, తప్పను."

"నిజంగా?"

"నిజంగా. ఆ కాగితం మాత్రం పక్కన పెట్టండి. మీ మాటల్తో చెప్పండి."

"సరే. సరే. 'తప్పు నాది. నిన్ను... నిన్ను కొట్టించాను.'"

"మళ్ళీ."

"'తప్పు నాది. తాకించమన్నది నేనే. నీకు చెప్పొద్దన్నది నేనే.'"

"ఏడుపు రావట్లేదు సార్."

"'వినపడట్లేదని నువ్వంటే, విని కూడా ఊరుకున్నా. ఊరుకోవడం కాదు, సంతోషించా. షాటు బాగా వచ్చిందని. ఆ తర్వాత నిన్ను అబద్ధాలకోరన్నా. అబద్ధం నాది. నీ పని పోగొట్టా, పేరు పోగొట్టా. ఆ సీను చూసి నన్ను మొనగాడన్నారు జనం, అనిపించుకున్నా. తప్పు నాది తల్లీ. నన్ను... నన్ను క్షమించు.'"

"కళ్ళు తుడుచుకోండి సార్. నిజంగానే వచ్చాయి."

"చెప్పాను కదా. అంతా చెప్పేశాను. ఇంక ఓకే అనమను. ఏం బాబూ, లోపల... ఓకేనా?"

"అక్కా."

"చెప్పవే."

"అతను నిన్ను అక్కా అంటాడేమిటి? ఎవరతను? ఏమ్మా... ఆ లైటు వెయ్యమను. లైటు వెయ్యమను ఒకసారి."

"లైటెందుకు సార్. ఈ గొంతు మీకు ఎప్పుడూ ఒళ్ళు మంటేగా. నువ్వు చెప్పవే, ఎలా ఉంది?"

"బాగా చెప్పారక్కా. ఈ చెవికి బాగా వినపడింది. మీరు కొట్టించిన చెవికే ఇంకా వినపడలేదు సార్. అది ఓకే అనేదాకా చెప్తూ ఉండండి. మళ్ళీ."