పెట్టె వెనక నడిచేవాళ్ళు

మర్నాడు కోరా అంత్యక్రియలు. మిసిసిపీలో ఓ చిన్న ఊరి చర్చి వెనక వంటగది. కోరా అన్న హోసియా పొయ్యి మీద ఆకుకూర కలుపుతున్నాడు. కోరాతో ముప్పయ్యేళ్ళు ఒకే ఇంట్లో బతికిన వెర్నెల్ గిటార్ తీగలు సవరిస్తోంది.

“...అదీ సంగతి. జనం కుదురుకోకముందే నువ్వెళ్ళి డ్రమ్ముల పక్కన కూర్చో. మెల్లగా మొదలెట్టు. శవపెట్టె లోపలికొచ్చేసరికి పాట నడుస్తూ ఉండాలి.”

“ఆగాగు. పెట్టె వచ్చేసరికి నేను లోపలుంటే, పెట్టె వెనక నడిచేదెవరు?”

“ఇంటివాళ్ళు.”

“మరి నేను?”

“నువ్వు వాయిస్తుంటావుగా వెర్నెల్.”

“ఇంటివాళ్ళు జతలు జతలుగా పెట్టె వెనక నడిచొస్తారు. జనమంతా లేచి నిలబడతారు. ముందు బెంచీ వాళ్ళ కోసం ఖాళీగా ఉంటుంది. ఈ ఊళ్ళో పుట్టి డెబ్బయ్యేళ్ళు దాటింది, నాకు తెలీదనుకున్నావా? మర్యాదగా గిటార్ చేతిలో పెట్టి కిందనుంచి బెంచీ లాగేస్తున్నావు.”

“లాగేయడమేంటి! ఈ చర్చిలో బ్లూస్ వాయించనివ్వడమే గొప్ప. మా నాన్నే ఉంటే నీ గిటార్‌ని గుమ్మం తొక్కనిచ్చేవాడా? సైతాను సంగీతం అనేవాడు.”

“మీ నాన్న ఊసెందుకిప్పుడు? ముందు బెంచీలో ఎవరెవరు?”

“నేను. తమ్ముడు, వాడి భార్య. చికాగో నుంచి మేనకోడలు వస్తోంది, వాళ్ళాయనా...”

“ఆ పిల్ల కోరా ముఖం చూసి పదేళ్ళయింది!”

“ఎంతైనా రక్తసంబంధం.”

“రక్తం గురించి నాకు చెప్పకు. ఆఖర్లో అది కక్కిన రక్తం కడిగిందెవరు?”

“వెర్నెల్...”

“ఎవరూ?”

“నువ్వే. కాదన్నానా? బెంచీ చిన్నది, అదీ నా బాధ. ఐదుగురు పట్టడమే గొప్ప.”

“నేను పుల్లలా ఉన్నాను. నువ్వు ఆ పొట్ట కాస్త లోపలికి లాక్కో.”

“నవ్వించకు. అసలు పాస్టరుగారేమంటారోనని...”

“పొద్దున్నే అడిగాను.”

“అడిగావా? ఆయన్నా?”

“ఆయన్నే. ‘నాకేం అభ్యంతరం లేదమ్మా, అది ఇంటివాళ్ళ ఇష్టం’ అన్నాడు. ఇప్పుడు చెప్పు ఇంకో సాకు.”

“...ఉప్పు సరిపోయిందో లేదో కాస్త రుచి చూడు.”

“హోసియా!”

“ఊళ్ళో జనం ఉన్నారుగా. చర్చి పెద్దలున్నారు. చాటున గుసగుసలు...”

“గుసగుసలా! చేపల ఫ్యాక్టరీ గేటు ముందు, కారు బ్యాటరీకి గిటార్ వైరు తగిలించుకుని పాడాను. చేపలు కోసే ఆడవాళ్ళని ఒంటికి కూడా వెళ్ళనివ్వరా అని. ఈ పెద్దల పెళ్ళాలే ఆరోజు నా వెనక నిలబడ్డారు. మీ ఆవిడ ముందు వరసలో ఉంది. పోలీసులు నన్ను వ్యానెక్కిస్తుంటే వాళ్ళ మీదికి చెప్పు విసిరింది.”

“ఆ చెప్పు మళ్ళీ దొరకలేదు. బతికున్నన్నాళ్ళూ నన్నే దెప్పింది, వెతకడం చేతకాలేదని.”

“తర్వాత మాలాంటి జంటల హక్కుల కోసం రాజధానిలో ఊరేగింపు చేశాం. ఎవడో కోడిగుడ్డు విసిరితే జుట్టులో సొనతోనే పాట పూర్తి చేశాను. ఎవరి గుసగుసలకి భయపడ్డాన్నేను?”

“నువ్వెప్పుడు భయపడ్డావు గనక? కోరా వచ్చిందా ఆ ఊరేగింపుకి?”

“రాకేం? నన్ను దింపింది. రెండు వీధులవతల కారు ఆపుకుని కూర్చుంది. తనకి ఎండ పడదు.”

“ఊఁ. శనివారాలు నువ్వు సారాకొట్లో పాడితే, అక్కడికి?”

“ఆదివారం పొద్దున్నే ఇక్కడ పాడాలి కదా. నిద్ర చాలదు దానికి. ఎందుకడుగుతున్నావ్?”

“ఊరికే.”

“ఊరికే కాదు. నీకు సిగ్గు, హోసియా. ఇన్నేళ్ళు నా చేతి వంట తిన్నావు. మా వరండాలో కూర్చుని నా పాటలకి కాలాడించావు. నలుగురిలో నిన్ను ‘బావమరిదీ’ అని పిలిస్తే మాత్రం గుండె ఆగిపోతుంది నీకు.”

“తిట్టు. తిట్టుకో.”

“తిడతాను. పిరికిపీనుగువి. ఈ ఊరు మొత్తంలో నన్ను చూసి సిగ్గుపడనిది ఒక్క కోరా. అది పోయీ పోగానే నన్ను కూలికొచ్చిన పాటగత్తెని చేసి మూల కూర్చోబెడుతున్నావు. సొంత చెల్లెలికి ఇంత ద్రోహమా?”

“ఆ మాటనకు.”

“అంటాను. ద్రోహం!”

“వెర్నెల్, ఇక ఆపు. నీకు దణ్ణం పెడతాను.”

“ఆపను. రేపు నన్ను ఆ మూల చూసిందంటే, పెట్టెలోంచి లేచొచ్చి నీ చెంప పగలగొడుతుంది.”

“అది చెప్పిందే చేస్తున్నాను!”

“...ఏమన్నావు?”

“ఏం లేదు. కూర అడుగంటుతోంది.”

“అంటనీ. ఎవరు చెప్పారు?”

“కోరా. ఆస్పత్రిలో. నువ్వు కాఫీకని కిందికెళ్ళినప్పుడు. ‘వెర్నెల్‌ని వాయిద్యాల దగ్గర కూర్చోబెట్టు అన్నయ్యా, ఇంటివాళ్ళతో నడిపించకు. చిన్నప్పట్నుంచీ ఈ చర్చిలో పాడాను. ఆఖరి రోజు నన్నెవరూ ఆ చూపు చూడకూడదు’ అంది. నీకు చెప్పనని నాచేత ఒట్టేయించుకుంది.”

“అబద్ధం.”

“తిడితే నన్నే తిడతావులే, పడదామనుకున్నాను.”

“అబద్ధం చెప్తున్నావు!”

“నాకు అబద్ధమాడటం ఎంత బాగా వచ్చో ఇందాకట్నుంచీ చూస్తూనే ఉన్నావుగా.”

“...ఎంత పని చేశావే కోరా.”

“కూర్చో. మంచినీళ్ళిస్తాను.”

“నాకేం వద్దు.”

“గిటార్ సర్దేస్తున్నావేంటి? వాయించవా?”

“వాయించను.”

“అయ్యో, వెర్నెల్. అసలు రానే రావా?”

“ఎందుకు రాను? పెట్టె వెనక మొదటి జతలో నడుస్తాను. ముందు బెంచీలో, దాని తలవైపు కూర్చుంటాను.”

“అదే వద్దందని చెప్పాను కదా! పోయినదాని మాట...”

“విన్నాను. నాతో చెప్పాల్సిన మాట నీతో చెప్పి పోయింది. దాన్ని నేనూరికే వదలను, రేపు పక్కనే కూర్చుని కడిగేస్తాను. నువ్వు అడ్డు తప్పుకో హోసియా. మొగుడూ పెళ్ళాల తగవులో పుట్టింటివాళ్ళు దూరకూడదు.”